మేం తెప్పించుకోని సరుకుకు దుడ్డు ఎందుకు కట్టాల?

గౌరవనీయులు, గ్రామీణాభివృద్ధి, కమ్యూనికేషన్ల శాఖల కేంద్ర సహాయ మంత్రి
డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి,



మా ఊరు బేరిగై, తమిళనాడులోది. హోసూరు నుంచి బాగలూరు మీదుగా వస్తే తగులుతుంది. తాలూకా శూళగిరి, జిల్లా కృష్ణగిరి. ఒక పక్క కర్ణాటక ఎల్ల, తూర్పుకు పోతే కుప్పం సీమ. రాష్ట్రాల గీతలు గీసినప్పుడు మేం ఇటు పడ్డాం గాని ఇళ్లలో మాట తెలుగే. గుంటూరు ఎంపీగారిని ఎన్నుకోవడానికి మాకు ఓటు లేదు. అయినా మీకే రాస్తున్నాను. తపాలా మీ మంత్రిత్వ శాఖలోది. పైగా ఈ ఉత్తరాన్ని ఇంకొకరి చేత చెప్పించుకోకుండా మీరే చదువుకోగలరు.

విషయం పార్సిళ్లది. ఇంట్లో ఎవరూ అడగని సరుకు, ఇంటాయన పేరు, వీధి, పిన్ కోడు, ఫోను నంబరు అన్నీ తప్పు లేకుండా రాసుకుని గడప దగ్గరికి వస్తుంది. పైన క్యాష్ ఆన్ డెలివరీ అని, 499 అనో 799 అనో ఒక మొత్తం ఉంటుంది. తెచ్చిన మనిషికి ఇంకా బోలెడు ఇళ్లు తిరగాలి, బండి ఆపకుండానే పిలుస్తాడు. ఆ వేళకు ఇంట్లో ఉండేది అవ్వా తాతలే. కొడుకు హోసూరు సిప్‌కాట్‌లో షిఫ్టులో ఉంటాడు, లేదా బెంగళూరులో ఉంటాడు. కోడలు గులాబీ తోటలో పనికి పోయుంటుంది. షిఫ్టు నడిచేటప్పుడు ఫోను దగ్గర పెట్టుకోనివ్వని కంపెనీలు చాలా ఉన్నాయి. అవ్వ ఒకసారి ఫోను చేస్తుంది, ఎత్తరు. పిల్లోడే ఏదో తెప్పించుకున్నాడేమో, వెనక్కి పంపితే కోప్పడతాడేమో అనుకుంటుంది. పాలు పోసిన డబ్బులో నుంచి, పింఛను డబ్బులో నుంచి తీసి కట్టేస్తుంది. రాత్రి కొడుకు వచ్చి విప్పితే లోపల నాలుగు రోజులు కూడా నడవని గడియారమో, ఉతికితే జారిపోయే గుడ్డో ఉంటుంది. నేనేం తెప్పించలేదే అంటాడు. అప్పటికి పైకం చేతులు మారిపోయింది.

ఈ మోసాన్ని స్క్రాచ్ కార్డు మోసంతో కలిపి చూడొద్దని మిమ్మల్ని మొదటే కోరుతున్నాను. పోస్టులో స్క్రాచ్ కార్డు పంపి, కారు తగిలింది, ముందు పన్ను కట్టండి అని పిలిచేవాళ్ల గురించి రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులూ ఎన్నోసార్లు హెచ్చరించారు. అక్కడ మనిషిలోని ఆశను పట్టుకుని లాగుతారు. ఇక్కడ అవ్వకు ఏ ఆశా లేదు. బిడ్డ వస్తువు పోగొట్టకూడదన్న బాధ్యతతో ఆమె కట్టింది. ఇంట్లోవాళ్లకు ఒకరి మీద ఒకరికున్న నమ్మకమే ఈ వ్యాపారానికి పెట్టుబడి. అందుకే, జాగ్రత్తగా ఉండండి, అత్యాశకు పోకండి అని ప్రకటనలు వేస్తే ఈ ఇంటికి ఒరిగేదేమీ లేదు. అవ్వ తప్పేమీ చేయలేదు. పార్సిలు ఎక్కడ పుట్టిందో అక్కడ పట్టుకోవాలి.

మొత్తం ఎప్పుడూ చిన్నదే ఎందుకు ఉంటుందో కూడా చూడండి. కృష్ణగిరిలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు కూడా అక్కర్లేదు. 2025 జనవరి నుంచి ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు వేయొచ్చు. చట్టం తలుపు తెరిచే ఉంది. కాని 499 రూపాయల కోసం పంట తోటలో కూలి మానుకుని, బిల్లులు స్కాన్ చేయించి, వకీలు లేకుండా వాదించేందుకు ఎవరు పూనుకుంటారు? పంపినవాడి అసలు పేరే తెలియనప్పుడు ఎవరి మీద వేస్తారు? పోయిన డబ్బు కంటే దాన్ని రాబట్టే ఖర్చు ఎక్కువగా ఉండేట్టు చూసుకునే ఆ ధర పెడతారు. ఒక్కో ఇంట్లో అది చిన్న నష్టం, రాత్రి భోజనాల దగ్గర నాలుగు మాటలనుకుని మరిచిపోతారు. పంపేవాడికి అది ఊళ్ల మీద ఊళ్ల వసూలు.

ఇందులోనే ఇంకో మలుపు ఉంది. కట్టను పో అని గట్టిగా చెప్పిన ఇంటికి కాసేపటికి ఫోను వస్తుంది. సరేనమ్మా, ఆర్డరు రద్దు చేస్తాం, మీకు ఒక నంబరు వచ్చింది కదా, అది చెప్పండి అంటారు. వచ్చిన ఓటీపీ రద్దు చేసేది కాకపోవచ్చు. అది పార్సిలు ముట్టినట్టు ఒప్పుకునే నంబరు కావచ్చు, బ్యాంకు ఖాతాకు సంబంధించిందీ కావచ్చు. ఇంకొందరు నక్షత్రం గుర్తుతో మొదలయ్యే ఏదో నంబరు నొక్కమంటారు. నొక్కితే మన ఫోనుకు వచ్చే కాల్స్ అన్నీ వాళ్లకు మళ్లిపోతాయి. ఈ దారి మూయడానికే మీ టెలికం విభాగం 2024 ఏప్రిల్ 15 నుంచి నక్షత్రం నంబర్లతో కాల్ ఫార్వర్డింగ్ చేసే సౌకర్యాన్ని ఆపమని కంపెనీలకు చెప్పింది. మంచి పని. ఫోను విషయంలో చూపిన ఆ పట్టుదలే పార్సిలు విషయంలోనూ చూపించమని అడుగుతున్నాను.

మీ శాఖకు ఇది కొత్త సమస్య కాదు, మంత్రిగారూ. మనదేశంలో వాల్యూ పేయబుల్ పోస్ట్, మనవాళ్లు వీపీపీ అనే పద్ధతి, 1877లోనే మొదలైంది. సరుకు ముట్టినప్పుడే డబ్బు కట్టడం అన్నది ఇప్పటి యాప్‌లు కనిపెట్టింది కాదు. మా ప్రాంతం అప్పట్లో మద్రాసు రాజ్యంలోని సేలం జిల్లాలో ఉండేది. చదువుకున్న ఇళ్లకు పంచాంగాలూ పురాణాలూ నవలలూ మందులూ వీపీపీలో వచ్చేవి. పోస్టుమ్యాన్ చేతిలో పైకం పెట్టి కట్ట విప్పడం పెద్దవాళ్లకు గుర్తుంది. అదే పద్ధతిలో చెడ్డ సరుకూ వచ్చింది. వారపత్రికల్లో అంకెల పజిలు వేసి, సరిగ్గా నింపితే ట్రాన్సిస్టరు బహుమతి, వీపీ ఖర్చు మాత్రం కట్టండి అని ఎక్కడో ఉత్తరాది అడ్రసుతో ప్రకటనలు వచ్చేవి. వాటికి రాసి మోసపోయినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

ఈ ప్రమాదాన్ని ఆనాటి చట్టం ముందే పసిగట్టింది. 1898 నాటి ఇండియన్ పోస్టాఫీస్ చట్టంలో 35వ సెక్షన్ వీపీపీ గురించి నిబంధనలు చేసే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. అందులో ఒకటి ఏమిటంటే, నిజంగా వచ్చిన ఆర్డరు మీదే ఈ సరుకు పంపుతున్నానని పంపేవాడు రాసి ఇస్తే తప్ప పోస్టాఫీసు దాన్ని వీపీపీగా తీసుకోకూడదని నిబంధన పెట్టొచ్చు. అదే సెక్షన్‌లో మరో క్లాజు ఉంది. మోసం జరిగితే, వసూలైన పైకాన్ని పంపినవాడికి ఇవ్వకుండా ఆపి, కట్టినవాళ్లకే తిరిగి ఇచ్చేందుకు కూడా నిబంధన చేయొచ్చు. తెల్లవాళ్ల పాలనలో, రైలు కూడా అన్ని ఊళ్లకు రాని రోజుల్లో రాసిన మాటలివి. ఆర్డరు ఉందని నిరూపించే బాధ్యత పంపేవాడిదని, దుడ్డు కాసేపు మధ్యలో ఆగాలని అప్పుడే అర్థమైంది. మన పల్లె ఇంటికి ఈ రోజు కావలసినవి కూడా సరిగ్గా ఈ రెండే.

ఆ 1898 చట్టం ఇప్పుడు లేదు. దాని స్థానంలో 2023 నాటి పోస్టాఫీస్ చట్టం 2024 జూన్ 18 నుంచి అమల్లోకి వచ్చింది. పాతది పోయినందుకు నాకు విచారం లేదు. అందులో ఈ కాలానికి పనికిరానివి చాలా ఉన్నాయి. కాని ఆ రెండు రక్షణలు మాత్రం పాత కాగితాలతో పాటు అటకెక్కకూడదు. చట్టంలో ఒక వాక్యంగా ఉండటం వేరు, బుకింగ్ కౌంటరులో పనిగా జరగడం వేరు. పంపేవాడు ఫారం మీద సంతకం పెట్టేస్తే సరిపోదు. ఆ ఆర్డరు ఏ తేదీన, ఏ నంబరు నుంచి, ఎవరు ఇచ్చారో చూపించాలి. చూపించలేనివాడి దగ్గర పైకం వసూలు చేసే పార్సిలు తీసుకోకూడదు.

చేతిలో సాధనం లేదని మీ అధికారులు అనలేరు. 2025 అక్టోబరు 1 నుంచి స్పీడ్ పోస్టులో ఓటీపీ చూపించి పార్సిలు తీసుకునే సౌకర్యం వచ్చింది. పార్సిలు ముట్టేటప్పుడు అడిగే ప్రశ్నను బుక్ అయ్యేటప్పుడే అడగండి. ఫలానావారు మీ పేరున 799 రూపాయలు వసూలు చేసే పార్సిలు పంపుతున్నారు, మీరు అడిగారా, అవును లేదా కాదు అని చెప్పండి అని అందుకునేవాళ్ల ఫోనుకు సందేశం పోవాలి. కాదు అంటే ఆ పార్సిలు అక్కడే ఆగిపోవాలి, పంపినవాడి ఖర్చుతోనే వెనక్కి పోవాలి. జవాబు రాకపోతే అవును అని లెక్క వేసుకోకూడదు. మాట్లాడకపోవడం ఒప్పుకోవడం కాదని ఇంగ్లండు కోర్టు 1862లోనే ఒక గుర్రం బేరం విషయంలో తేల్చింది. మన న్యాయ కళాశాలల్లో ఈ రోజుకూ ఆ కేసు పాఠంగా చెబుతున్నారు.

వసూలైన పైకం పంపినవాడి ఖాతాకు వెంటనే పోకుండా కొన్ని రోజులు శాఖ దగ్గరే ఉండాలి. ఆ లోపల ఫిర్యాదు వస్తే, విచారణ తేలేదాకా ఆపాలి. నిజాయితీగా అమ్మేవాడికి వారం ఆలస్యం భారం కాదు. మోసగాడికి ఆ వారమే గండం, ఎందుకంటే అతని పని అంతా పేరు మార్చి, నంబరు మార్చి, ముందే జారుకోవడం మీద నడుస్తుంది. ఎక్కువ సంఖ్యలో వసూలు పార్సిళ్లు పంపేవాళ్ల గుర్తింపు, అడ్రసు, బ్యాంకు ఖాతా ముందే పరిశీలించి పెట్టుకోవాలి. ఫిర్యాదులు వరుసగా వస్తే వాళ్ల బుకింగ్ దేశమంతటా ఆగాలి. దేశంలో 1,64,000కు పైగా పోస్టాఫీసులున్నాయి, ఎక్కువ భాగం పల్లెల్లోనే. ఒక పోస్టాఫీసులో పట్టుబడ్డ పేరు మిగతా అన్నిటికీ తెలియజేయగల వ్యవస్థ మీ దగ్గర ఉంది. ఏ ప్రైవేటు కొరియరుకూ అంత చేయి లేదు.

ప్రైవేటు కొరియర్లు మీ చేతి కింద లేవని నాకు తెలుసు. ఈ పార్సిళ్లలో చాలావాటిని తెచ్చేది వాళ్లే. అందుకని ఈ లేఖ నకలు మా పొరుగు రాష్ట్రం నుంచి ఎన్నికైన వినియోగదారుల వ్యవహారాల మంత్రి ప్రహ్లాద్ జోషీ గారికి కూడా పంపుతున్నాను. ఆయన శాఖ చేతిలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం కొనేవాడు తనంతట తాను స్పష్టంగా ఒప్పుకుంటేనే అమ్మకం జరిగినట్టు. 2023 నవంబరులో వచ్చిన మార్గదర్శకాలు పదమూడు రకాల మాయలను పేర్లు పెట్టి మరీ నిషేధించాయి. అడగని వస్తువును బుట్టలో దూర్చడం వాటిలో ఒకటి. అవన్నీ పేరున్న యాప్‌ల దగ్గర పనిచేస్తాయి. ఏ యాప్‌లోనూ లేకుండా, ఒక కొరియరు ఒప్పందం, ఒక జాబితా పెట్టుకుని ఊరికి వంద పార్సిళ్లు పంపేవాడి దగ్గరికి వచ్చేసరికి ఆ పట్టు సడలిపోతుంది. బుట్టలో దూర్చితేనే తప్పయినప్పుడు, ఏకంగా గడపలోకి తెచ్చి దుడ్డు అడగడం అంతకంటే పెద్ద తప్పు కాదా?

ఇక్కడ మన చట్టంలోని ఒక లోటును కూడా మీ ఇద్దరి ముందూ పెట్టాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 70వ సెక్షన్ కింద ఒక ఉదాహరణ ఉంది. వర్తకుడొకడు పొరపాటున ఒకరి ఇంట్లో సరుకు వదిలి పోతే, ఆ ఇంటాయన దాన్ని తనదిగా వాడుకుంటే, డబ్బు ఇవ్వాల్సిందే అని. న్యాయమైన మాటే. పక్క వీధివాళ్ల పార్సిలు మన ఇంటికి వస్తే మనం దాన్ని వాడుకోకూడదు, ముట్టజెప్పాలి. కాని కావాలని పంపిన సరుకు సంగతి ఏమిటి? పెట్టె విప్పారు కాబట్టి కట్టాలి, లేకపోతే లాయరు నోటీసు వస్తుంది అని ఎవడైనా ఫోనులో గద్దిస్తే, నీకు నేనేం బాకీ లేను అని అవ్వ వేలు పెట్టి చూపించడానికి మన చట్టంలో ఒక్క సూటి వాక్యం లేదు. అమెరికాలో 1970 నాటి తపాలా చట్టం, అడగకుండా పంపిన సరుకు అందుకున్నవాళ్లకు కానుకతో సమానం, దానికి బిల్లు పంపడమే అన్యాయమైన వ్యాపార పద్ధతి అని చెప్పింది. బ్రిటన్ 1971లో ఇలాంటి చట్టమే చేసింది. ఐరోపా సమాఖ్య 2011లో, అడగని సరుకుకు జవాబు చెప్పకపోయినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని రాసిపెట్టింది. అక్కడ స్థిరపడ్డ మన తెలుగువాళ్లకు ఉన్న ఈ రక్షణ, ఇక్కడ ఉన్న వాళ్ల అమ్మానాన్నలకు లేదు.

డబ్బు అడగని పార్సిలు అయితే పర్వాలేదు కదా అనేవాళ్లున్నారు. పర్వా ఉంది. 2020లో అమెరికా అంతటా ఇళ్లకు ఎవరూ అడగని విత్తనాల పొట్లాలు వచ్చాయి, చాలావాటి మీద చైనా అడ్రసు ఉంది. అక్కడి వ్యవసాయ శాఖ వాటిని నాటొద్దని, పారేయొద్దని, తమకు అప్పగించమని ప్రజలను కోరింది. దొంగ అమ్మకాలు చూపించి తమకు తామే మెచ్చుకోళ్లు రాసుకునే వ్యాపారుల పని అయ్యుండొచ్చని చెప్పింది. మాది టమాటా, కోసు, గులాబీ పండించే సీమ. అలాంటి పొట్లం మా ఇంటికొస్తే కుండీలోనో మడి గట్టునో ఒక నాలుగు గింజలు వేసి చూడని రైతు ఉంటాడా? ఏ తెగులు ఏ పొట్లంలో వస్తుందో ఎవరు చెప్పగలరు? అది అలా ఉంచితే, సరుకు ఉచితంగా వచ్చినా మన పేరు, ఇల్లు, ఫోను నంబరు ఎవరి జాబితాలోనో ఉన్నాయని అది చెబుతోంది. వ్యక్తుల సమాచార రక్షణకు 2023లో చట్టం చేశారు. ఆ జాబితాలు ఎవరు ఎవరికి అమ్ముతున్నారో తేల్చకపోతే బేరిగై అవ్వ పేరు ఎక్కడో ఒక వ్యాపారి దగ్గర ఉండిపోతుంది.

క్యాష్ ఆన్ డెలివరీని ఎత్తేయమని మాత్రం నేను అడగడం లేదు. కార్డు లేనివాళ్లకు, ముందే డబ్బు పంపడానికి భయపడేవాళ్లకు అదే దారి. దాన్ని ఎత్తేస్తే శిక్ష పడేది మళ్లీ మా ఇళ్లకే.

ఇంకొక విషయం భాషది. మా పెద్దవాళ్లలో చాలామంది తెలుగు బడుల్లో చదివారు. తెలుగు చదవగలరు, తమిళం మాట్లాడగలరు గాని చదవలేరు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తర్వాత పిల్లల సంగతి మారింది. వాళ్లకు తమిళం వస్తోంది, తెలుగు రాయడం తగ్గిపోతోంది. ఒకే ఇంట్లో అవ్వ ఒక లిపి, మనవరాలు ఇంకో లిపి. ఈ ఇంటికి వచ్చే సందేశం ఇంగ్లీషులో ఉంటుంది, కొన్నిసార్లు హిందీలో. ఓటీపీ వచ్చిన సందేశంలో ఇది దేనికి అన్నది ఏ లిపిలో ఉందో ఆ లిపే అవ్వకు రాదు. ఆమె చూసేది అంకెలు మాత్రమే, మోసగాడు అడిగేదీ అంకెలే. కాబట్టి బుకింగ్ సందేశం అందుకునేవాళ్లు ఎంచుకున్న భాషలో రావాలి. పిన్ కోడు తమిళనాడుది కాబట్టి తమిళమే, ఆంధ్రాది కాబట్టి తెలుగే అని నిర్ణయించకండి. హోసూరు, కృష్ణగిరి సరిహద్దు ఊళ్ల పోస్టాఫీసుల్లో తెలుగు, కన్నడ ఫారాలు కూడా పెట్టించండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 తెలుగులో కూడా పలుకుతుంది. ఆ సంగతి తెలిసినవాళ్లు మా వైపు చాలా తక్కువ. ప్రతి పోస్టాఫీసు గోడ మీద, ప్రతి పార్సిలు మీద ఆ నంబరు తెలుగు అక్షరాల్లో ఉంటే అవ్వకు అది కనిపిస్తుంది.

మా వైపు మేం ఊరుకోలేదు. ఇక్కడ ఇంటింటికీ చెబుతున్నది ఇదే: తెప్పించినవాళ్లు ముందే ఇంట్లో చెప్పి పోవాల, ఎంత కట్టాలో కాగితం మీద రాసి పెట్టాల. రాసి లేని పార్సిలుకు దుడ్డు కట్టేది లేదు, వద్దు అని చెప్పి తిప్పి పంపాల. వద్దు అనే హక్కు మనకు ఉంది, అందుకు రూపాయి కట్టనక్కర్లేదు. ఫోనులో ఓటీపీ ఎవరు అడిగినా చెప్పేది లేదు. కట్టేసిన తర్వాత తెలిస్తే పెట్టె కవరు పారేయకుండా, దాని మీది నంబరుతో సహా ఫోటో తీసి 1915కు చెప్పాల. బ్యాంకు నుంచి డబ్బు పోయుంటే ఆలస్యం చేయకుండా 1930కి చేయాల. తిరిగి ఇస్తామని కవరు మీద ఉన్న నంబరుకు ఫోను చేసి, వాళ్లు పంపిన లింకు నొక్కి రెండోసారి పోగొట్టుకోకూడదు. ప్యాకింగ్ సరుకు మీద తయారుచేసినవాళ్ల లేదా ప్యాక్ చేసినవాళ్ల పేరు, అడ్రసు, గరిష్ఠ ధర, ఫిర్యాదు నంబరు ఉండాలని 2011 నుంచి నిబంధన ఉంది. అవేవీ లేని పెట్టెను అనుమానించాల. మోసం అని తేలితే అది భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద నేరం, పోలీసుకు రాసివ్వొచ్చు.

ఇదంతా మేం చేయగలం, చేస్తున్నాం. కాని ఇదంతా గడప దగ్గర, అవ్వ ఒంటరిగా, బండి ఆపని మనిషి ముందు చేయాల్సిన పని. మీరు చేయగల పని బుకింగ్ కౌంటరు దగ్గరిది. అక్కడ ఒక ప్రశ్న అడిగితే ఇక్కడ వేల గడపల దగ్గర ఆ పోట్లాట ఉండదు.

మీరు డాక్టరుగారు కాబట్టి, వ్యాధి వచ్చినవాళ్లను తప్పుపట్టకుండా వచ్చిన చోటును వెతికే అలవాటు మీకు ఉంటుందని నమ్ముతున్నాను. వీపీపీ, క్యాష్ ఆన్ డెలివరీ పార్సిళ్ల బుకింగ్‌లో ఆర్డరు రుజువు తప్పనిసరి చేస్తూ, మోసం జరిగిన పైకాన్ని ఆపి తిరిగి ఇచ్చే పద్ధతిని గడువుతో సహా చెబుతూ ఒక ఉత్తర్వు ఇవ్వండి. ముందు మా కృష్ణగిరి జిల్లాలో ఆరు నెలలు నడిపి చూడమన్నా సంతోషమే. మూడు రాష్ట్రాలు, మూడు భాషలు కలిసే చోటు కాబట్టి లోపాలు ఇక్కడే త్వరగా బయటపడతాయి. ఏ తేదీలోపు ఇది జరుగుతుందో తెలుగులో రాసి పంపండి, మేం దాన్ని బేరిగై బస్టాండులో అంటిస్తాం.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక పౌరుడు,
బేరిగై, కృష్ణగిరి జిల్లా, తమిళనాడు